బయానా పంపే ముందు నంబరు అడగండి

బండి ఆగిపోయిన మనిషి చేతిలో ఫోన్ ఉండనివ్వద్దని మా షెడ్డు కుర్రాళ్లకు ఎప్పుడూ చెబుతుంటాను. స్టేషన్ ఘన్‌పూర్‌లో రోడ్డు పక్కన కార్ల పని చేసే మేస్త్రీని నేను. ఇటు జనగామ, అటు వరంగల్, నడుమ 163వ నంబరు జాతీయ రహదారి. పాలకుర్తి, జఫర్‌గఢ్, చిల్పూరు, రఘునాథపల్లి వైపు నుంచి కిరాయికి తిరిగే డిజైర్లు, ఇండికాలే మాకు ఎక్కువ గిరాకీ. వాటిలో చాలా బండ్లు కిస్తీల మీద నడిచేవే. బండి నాలుగు రోజులు షెడ్డులో ఉంటే డ్రైవరుకు కిరాయిలు పోతాయి, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. కొత్త గేర్‌బాక్స్ ధర చెప్పగానే అతని మొహం వాడిపోతుంది. పక్కకు పోయి ఫోన్ తీసి పాత సామాను వెతకడం మొదలుపెడతాడు. పదిమంది అమ్మేవాళ్లు కనబడతారు. అందులో ఒకడు మిగతా అందరికంటే అగ్గువకు ఇస్తానంటాడు. ఆగమాగంలో ఉన్న మనిషి వేలు దాని మీదికే పోతుంది. ఆన్‌లైన్ మోసగాడికి కావలసింది ఆ తొందరే. అతని దగ్గర సామాను ఉండదు, దుకాణం ఉండదు. మన తొందర ఒక్కటే అతని పెట్టుబడి.

పాత సామాను కొనడం తప్పని నేను అనను. మా పని సగం దాని మీదే నడుస్తుంది. షెవర్లే కార్ల అమ్మకం మన దేశంలో 2017తో ముగిసింది. టాటా ఇండికా తయారీ 2018లో ఆగింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు మానేసింది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కంపెనీలు మానుకున్నా బండ్లు మాత్రం మా ఊళ్ల రోడ్ల మీదే తిరుగుతున్నాయి. వాటికి కొత్త సామాను కొన్నిసార్లు దొరకదు, దొరికినా పిరం, ఆర్డరు పెడితే ఎప్పుడొస్తుందో తెలియదు. యాక్సిడెంటులో ముందు భాగం దెబ్బతిన్న కారుకు వెనక డోర్లు, డిక్కీ, సీట్లు, ఆల్టర్నేటర్ నిక్షేపంగా ఉంటాయి. వాటిని ఇంకో బండికి వేసుకుంటే తప్పేముంది?

వెనకటికి సామాను కోసం మేం సికింద్రాబాద్ రాణిగంజ్ పోయేవాళ్లం, పెద్ద సామానుకైతే విజయవాడ ఆటోనగర్ దాకా పోయేవాళ్లం. అక్కడ సేటు ఒక గద్దె మీద కూర్చుని ఉంటాడు. సామాను తప్పుగా వస్తే రేపు మళ్లీ పోయి అడగడానికి ఆ గద్దె అక్కడే ఉంటుంది. ఫోన్‌లో అమ్మే మనిషికి గద్దె లేదు. ఒక ఫోటో, ఒక నంబరు, అంతే. కాబట్టి గద్దె చేసే పనిని మనమే ఇంకో రకంగా చేసుకోవాలి.

ముందు ఫోటో సంగతి. మోసగాళ్లు పెట్టే ఫోటోలు చాలావరకు వేరేవాళ్ల ప్రకటనల నుంచి తీసుకున్నవే. గూగుల్ లెన్స్‌లో ఆ ఫోటో వేసి వెతికితే అదే బొమ్మ ఇంకో ఊరి ప్రకటనలో, ఇంకో ధరకు కనబడుతుంటుంది. నేను మా వాళ్లతో చేయించే పని ఇంకొకటుంది. 'స్టేషన్ ఘన్‌పూర్' అని, కింద ఇవాళ్టి తేదీ వేసి ఒక కాగితం మీద రాసి, దాన్ని సామాను మీద పెట్టి, చుట్టూ తిప్పుతూ ఆపకుండా వీడియో తీసి పంపమని అడిగిస్తాను. వీలైతే వీడియో కాల్ ఇంకా మేలు. 'అన్నా, ఆ కింది బోల్టు మీద వేలు పెట్టు, పక్కనున్న నంబరు దగ్గరగా చూపించు' అని నేనే అడుగుతాను. సామాను నిజంగా చేతిలో ఉన్నవాడికి ఇది పెద్ద పని కాదు. లేనివాడు మాత్రం 'గోదాంలో ఉంది, తాళం పనివాడి దగ్గరుంది' అంటాడు. 'వేరే గిరాకీ నిలబడి ఉంది, బయానా కొట్టు, నీకోసం పక్కన పెడతా' అంటాడు. ఆ మాట వినబడితే నేను ఫోన్ పెట్టేయమంటాను. వెయ్యి రూపాయల బయానాతో మొదలై, పార్సిల్ ఖర్చు, తర్వాత జీఎస్‌టీ, తర్వాత వాపసు వచ్చే ఇన్సూరెన్సు అంటూ ఒక్కొక్కటే అడుగుతూ పోతారు. ఇప్పటికే ఇంత పంపాం కదా, ఇది పంపకపోతే అదీ పోతుందేమోనన్న భయంతో మనిషి మళ్లీ పంపుతాడు.

సైనికుడి వేషం కూడా ఇందులో భాగమే. ఓఎల్‌ఎక్స్‌లో ఆర్మీ జవాన్ల పేరు చెప్పి, 'బదిలీ అయింది, అందుకే అగ్గువకు ఇస్తున్నా' అని బండ్లు, వస్తువులు అమ్మజూపిన ముఠాల కోసం 2020లో మన హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు రాజస్థాన్ భరత్‌పూర్ దాకా పోయి మనుషులను పట్టుకొచ్చారు. మా ప్రాంతంలో రైలెక్కి పట్నానికి, అక్కడి నుంచి సరిహద్దుకు పోయిన పిల్లలు చాలా ఇళ్లలో ఉన్నారు. ఆ యూనిఫాం మీద మనకున్న గౌరవాన్ని ఇలా వాడుకోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. గుర్తింపు కార్డు ఫోటో ఎవరు పంపినా అది సామానుకు సాక్ష్యం కాదు. అడగాల్సింది కార్డు కాదు, సామాను మీది నంబరు.

కంటితో చూస్తే మోసం జరగదనుకుంటే అదీ నిజం కాదు. మా దగ్గరికి వచ్చే ఒక డ్రైవరు తమ్ముడికి జరిగింది చెబుతాను. డీజిల్ కారుకు గేర్‌బాక్స్ కావాలి. ఫోన్‌లో ఇరవై రెండు వేలకు దొరికింది. మాట్లాడిన మనిషి మర్యాదస్తుడు. 'సామాను ఉప్పల్‌లో మా బావమరిది దగ్గరుంది తమ్మీ, పోయి చూసుకో. నచ్చితేనే పైసలు కొట్టు. ధర సంగతి మాత్రం వాడితో మాట్లాడకు, మాకూ వాడికీ వాటాల పంచాయితీ నడుస్తున్నది' అన్నాడు. తమ్ముడు పోయాడు. గేర్‌బాక్స్ నిజంగానే ఉంది, మంచిదే. అక్కడున్నాయన చేత్తో తిప్పి చూపించాడు కూడా. తమ్ముడు బయటికొచ్చి ఫోన్ చేసి, చెప్పిన నంబరుకు పైసలు కొట్టి, గేర్‌బాక్స్ ఎత్తబోయాడు.

"ఏందన్నా, పైసలియ్యకుండ తీస్కపోతవా?"

"మీ బావకు కొట్టిన గద, సూడు."

"నాకు బావెవ్వడున్నడు?"

అసలు సంగతి ఏమిటంటే, ఆ ఉప్పల్ మనిషి తన గేర్‌బాక్స్‌ను ముప్పై రెండు వేలకు అమ్మకానికి పెట్టుకున్నాడు. మోసగాడు ఆ ఫోటోలే తీసుకుని తన పేరుతో ఇరవై రెండు వేలకు ఇంకో ప్రకటన వేశాడు. ఉప్పలాయనకు ఫోన్ చేసి, 'మా షెడ్డు కుర్రాడు వస్తాడు, చూపించు. వాడికి ధర చెప్పకు, పైసలు నేను నీకు పంపుతా' అన్నాడు. ఇద్దరు నిజాయితీపరులను ఎదురెదురుగా నిలబెట్టి, వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకుండా కట్టడి చేసి, నడుమ నుంచి పైసలు తాను తీసుకుపోయాడు. వాళ్లిద్దరేమో చాలాసేపు ఒకరినొకరు దొంగ అనుకుని కొట్లాడుకున్నారు. ఈ పద్ధతిలో సెకండ్ హ్యాండ్ కార్లే పోతుంటాయి, గేర్‌బాక్స్ ఎంత?

అందుకే సామాను దగ్గర నిలబడ్డ మనిషిని మొహమాటం లేకుండా అడగాలి: ఈ సామాను ఎవరిది, ధర ఎంత, పైసలు ఎవరి ఖాతాకు? 'ధర మాట్లాడకు' అని ఎవరన్నా అన్నారంటే సరిగ్గా అదే మాట్లాడాలి. యూపీఐలో పిన్ కొట్టే ముందు ఖాతాదారు పేరు తెర మీద కనబడుతుంది. ఆ పేరు పైకి చదివి ఎదుటి మనిషికి వినిపించాలి. అతను అవునంటేనే పిన్ కొట్టాలి. పైసలు, సామాను ఒకే చేతి దగ్గర మారాలి.

పైసలు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మోసపోయిన మనిషికి మళ్లీ ఫోన్ చేసి, 'తప్పయింది అన్నా, పైసలు వాపస్ ఇస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్' అని రెండోసారి దోచుకున్నవాళ్లున్నారు. ఒక మనిషి ఇంకో మనిషికి పైసలు అడుగుతూ పంపే కలెక్ట్ రిక్వెస్టును 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ ఆపేసింది. అయినా క్యూఆర్ కోడ్ అలాగే ఉంది. స్కాన్ చేసి పిన్ కొట్టామంటే మన ఖాతా నుంచి పోవడమే, రావడం అన్నది లేదు.

ఇక సామాను నిజమే, మనిషి నిజమే, అయినా మోసం సామానులోనే ఉండే రకాలున్నాయి. ఇక్కడ మేస్త్రీ కన్ను పనికొస్తుంది.

గేర్‌బాక్స్‌కు హౌసింగ్ చెవులు చూస్తాను. బోల్టులు పట్టే ఆ చెవులు విరిగితే వెల్డింగ్ చేసి, పైన వెండిరంగు పూసి అమ్ముతారు. పాత అల్యూమినియం మీద ఒక్కచోట రంగు కొత్తగా మెరుస్తుంటే అక్కడ గోటితో గీరి చూడాలి. హెడ్‌లైట్‌కు కూడా అంతే. ముందు నుంచి ఫోటో తళతళలాడుతుంది, వెనక క్లిప్పులు విరిగి గమ్‌తో అతికించి ఉంటాయి. వెనక వైపు ఫోటో పంపనివాడి దగ్గర హెడ్‌లైట్ కొనొద్దు. వెనకున్న లేబుల్ మీద పార్టు నంబరు ఉంటుంది. మన బండిలోని పాత దాని నంబరుతో అది కలవాలి. కారు పేరు ఒకటే అయినా మోడల్ మారినప్పుడు కనెక్టరు మారిపోతుంది.

టర్బో అయితే షాఫ్టును వేళ్లతో పట్టి పక్కకు, ముందుకు కదిపి చూడాలి. వీడియో కాల్‌లోనైనా ఇది చేయించవచ్చు. రెక్కల అంచులు చెదిరి ఉన్నా, లోపల నూనె చెమ్మ ఉన్నా వద్దు. ఇంజిన్ కంప్యూటర్ విషయంలో, 'తెచ్చి బిగిస్తే చాలు' అని రాసిన ప్రకటన నమ్మొద్దు. తాళంచెవిలో ఉండే చిప్‌ను గుర్తుపట్టకపోతే ఇమ్మొబిలైజర్ బండిని స్టార్ట్ కానివ్వదు. వేరే బండి కంప్యూటర్ మన తాళంచెవిని గుర్తుపట్టదు. దాన్ని ప్రోగ్రామింగ్ చేసే మనిషి, పరికరం రెండూ దొరుకుతాయని తేల్చుకున్నాకే కొనాలి.

పాత టైర్లు కొనేవాళ్లు టైరు గోడ మీద నిడుపాటి గుండ్రని గీతలో ఉండే నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. 'పోయినేడు మార్చినవే' అన్న మాట పక్కన పెట్టి ఆ అంకెలను ఫోటో పంపమనాలి. నల్లరంగు పూసిన పాత టైరు కొత్తదానిలా కనబడుతుంది, కానీ రబ్బరులో అచ్చయిన అంకె మారదు.

సైలెన్సర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. పెట్రోలు బండి పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. లోపల తేనెపట్టులాంటి దిమ్మె, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాల పూత. విష వాయువులను తగ్గించేది ఆ పూతే. దానికోసమే గుజరాత్, మహారాష్ట్ర ఊళ్లలో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు రాత్రికి రాత్రి ఊడదీసుకుపోయిన దొంగతనాలు పేపర్లలో ఎన్నోసార్లు వచ్చాయి. లోపలి దిమ్మెను పొడి చేసి అమ్ముకుని, ఖాళీ డబ్బాను మళ్లీ వెల్డింగ్ చేసి 'కంపెనీ సైలెన్సర్' అని మనలాంటివాళ్లకు అంటగడతారు. చూడటం తేలికే. ఒక చివర టార్చి వేసి రెండో చివర నుంచి చూస్తే సన్నని గళ్ల వల కనబడాలి. ఖాళీ గొట్టంలోంచి వచ్చినట్టు వెలుతురు సూటిగా కొడితే లోపల ఏమీ లేదు. డబ్బా నడుమ కోసి అతికిన వెల్డింగ్ గీత ఉందేమో కూడా చూడాలి. గళ్ల వల చక్కగా ఉండి ధర మరీ అగ్గువైతే, ఇంకో ప్రశ్న పుడుతుంది: ఇది ఎవరి బండిది?

ఆ ప్రశ్న పాత సామాను కొనే ప్రతి మనిషీ వేసుకోవాలని నా పట్టుదల. మీరట్‌లో సోతిగంజ్ అనే మార్కెట్ ఉండేది. ఉత్తర భారతంలో దొంగిలించిన బండ్లను విప్పి ముక్కలు ముక్కలుగా అమ్మే చోటుగా దానికి పేరు పడింది. 2021 డిసెంబరులో పోలీసులు దాన్ని మూయించారు. అటువంటి సామాను ఇప్పుడు ఫోన్‌లోకి ఎక్కితే, కొనేవాడికి చూడగానే తెలిసే దారేదీ ఉండదు. చట్టం మాత్రం కొన్నవాడిని కూడా అడుగుతుంది. అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెబుతుంది. అంటే తెలియక కొన్నా అసలు యజమాని వస్తే సామాను ఇచ్చేయాల్సిందే. దొంగసొమ్మని తెలిసి గానీ, అలా నమ్మే కారణం ఉండి గానీ దురుద్దేశంతో తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం.

ఇంజిన్ కొనేవాళ్లు ఇంకా గట్టిగా ఉండాలి. ఇంజిన్ మీద నంబరు చెక్కి ఉంటుంది. అక్కడ గ్రైండర్ పెట్టిన గుర్తులుంటే ఎంత మంచి ఇంజినైనా ముట్టుకోను. అది ఏ బండిలోంచి దిగిందో ఆ బండి ఆర్‌సీ నకలు అడిగి, ఇంజిన్ నంబరు అంకె అంకె కలిపి చూస్తాను. జాతీయ నేర గణాంకాల సంస్థ వారి డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో బండి నంబరు, ఇంజిన్ నంబరు వేసి దొంగతనం కింద నమోదైందో లేదో చూసుకోవచ్చు. ఇంజిన్ మార్చాక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌టీఏలో తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. కాగితాలు లేని ఇంజిన్‌తో ఆ పని జరగదు. తర్వాత ఎక్కడైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు దగ్గర ఇరుక్కుపోయేది బండి యజమానే.

కొన్ని సామాన్లు ఎంత అగ్గువకు వచ్చినా, ఎవరు అమ్మినా నేను బిగించను. ఎయిర్‌బ్యాగ్ ఒక్కసారి పేలడానికే చేసిన వస్తువు. పేలినదాన్ని మడిచి కుక్కి, డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఆరిపోవడానికి ఒక రెసిస్టర్ పెట్టి అమ్మేవాళ్లున్నారు. బయటి నుంచి ఎవరూ కనిపెట్టలేరు. అందులో పోయేది పైసలు కాదు, ప్రాణం. గుద్దుకున్న బండి సీటు బెల్టులు, పాత బ్రేక్ ప్యాడ్లు కూడా అంతే. గిరాకీ కోపగించుకుని ఇంకో షెడ్డుకు పోయినా సరే, ఈ విషయంలో నా మాట మార్చను.

దూరం నుంచి తెప్పించక తప్పనప్పుడు నేను చేసేది ఒకటే. ఆ ఊళ్లో ఎవరో ఒక మేస్త్రీ మాకు తెలిసినవాడు ఉంటాడు, లేదా తెలిసినవాడికి తెలిసినవాడు ఉంటాడు. అతన్ని పంపి చూడమంటాం. అతని పెట్రోలుకు, పోగొట్టుకున్న పూటకు పైసలిస్తాం. మా డ్రైవర్లు మొదట్లో ఆ ఖర్చు ఎందుకన్నారు. మొత్తం ధరలో అది ఏపాటిది? అతను చూసి, నంబరు కలిపి, చేతిలో పట్టుకున్నాక ఎదురుగానే పైసలు కొట్టి, ఆర్టీసీ కార్గోలో వేస్తాడు. 2020లో మొదలైన ఆ సర్వీసు మాలాంటి ఊళ్లకు బాగా అక్కరకొచ్చింది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. పార్సిల్‌కు 'టు-పే' అంటే దించుకునేటప్పుడు కిరాయి కట్టడం మాత్రమే, సామాను ధర కట్టడం కాదు. 'పార్సిల్ వేశా, ఇదిగో రసీదు' అని వాట్సాప్‌లో ఫోటో పంపి పైసలడిగితే ఆ రసీదు నంబరును కౌంటరులో అడిగి తేల్చుకోవాలి. పెట్టె వచ్చాక దాన్ని విప్పకముందు నుంచి విప్పేదాకా ఆపకుండా వీడియో తీయాలి. బరువు సరిపోవడానికి ఇనుపముక్కలు, ఇటుకలు పెట్టి పంపినప్పుడు మన దగ్గర ఉండే సాక్ష్యం అదే.

ఎదురుగా కొన్నప్పుడు కూడా తెల్లకాగితం మీద ఒక రసీదు రాయించుకోండి. అమ్మిన మనిషి పేరు, ఊరు, ఫోన్ నంబరు, సామాను పేరు, దాని మీది నంబరు, ఏ బండిలోంచి తీశారో ఆ బండి నంబరు, ధర, తేదీ, సంతకం. నిజాయితీగా అమ్మేవాడు దీనికి కోపం తెచ్చుకోడు.

ఇంత చేసినా పైసలు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచుకోవద్దు. చదువుకున్నవాళ్లు, ఉద్యోగస్తులు పోగొట్టుకున్నారు, డ్రైవరు పోగొట్టుకుంటే అందులో తలవంపు ఏముంది? వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి. రేపు పొద్దున చూద్దామంటే కుదరదు. మన పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి మరో దానికి గంటల్లోనే మారిపోతాయి. ఏదో ఒక ఖాతాలో ఉండగానే బ్యాంకు వాటిని ఆపగలిగితేనే మనకు ఆశ. ఫోన్ చేసేటప్పుడు యూపీఐ లావాదేవీలో ఉండే 12 అంకెల నంబరు, పంపిన సమయం, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకోవాలి. కోపంతో చాట్ చెరిపేయొద్దు, నంబరు బ్లాక్ చేసే ముందు ప్రకటన, మాటలు, ఫోటోలు అన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. మనకు తెలియకుండా ఖాతాలోంచి పోయిన పైసలకు రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన రక్షణ, మనమే పిన్ కొట్టి పంపిన వాటికి వర్తించదు. కాబట్టి బ్యాంకు మీద భారం వేసి కూర్చుంటే లాభం లేదు. 1930 ఇచ్చిన ఫిర్యాదు నంబరు తీసుకుని మన పోలీస్ స్టేషన్‌కు పోయి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఖాతాలో పైసలు ఆగి ఉంటే, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు వాపసు ఇప్పిస్తున్నది. దానికి ఆ ఫిర్యాదు నంబరే ఆధారం, దాన్ని ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.